టచ్ ఫుట్‌బాల్ గాయాలు: ఎలా కాచుకోవాలి, దెబ్బ తగిలాక ఏం చేయాలి

ఆస్ట్రేలియాలో ఉద్యోగంలో కుదురుకున్న కొన్ని వారాలకే ఆఫీసులో ఎవరో ఒకరు వచ్చి, "బుధవారం సాయంత్రం టచ్ ఆడుతున్నాం, ఒకరు తక్కువయ్యారు, వస్తారా?" అని అడుగుతారు. చెడుగుడు ఆడినవారికి ఈ ఆట అర్థం కావడానికి ఐదు నిమిషాలు చాలు. రగ్బీలో లాగానే బంతిని చేత పట్టుకుని పరుగెత్తాలి, కాని పడగొట్టడం ఉండదు. బంతి ఉన్నవారిని అవతలివారు తాకితే ఆగి, బంతిని నేలమీద పెట్టి, దాని మీదుగా దాటి ఆటను మళ్లీ మొదలుపెట్టాలి. ఆరుసార్లు తాకించుకుంటే బంతి అవతలి జట్టుకు పోతుంది. 1960లలో దక్షిణ సిడ్నీలో రగ్బీ లీగ్ ఆటగాళ్లు సీజన్ లేని రోజుల్లో ఒళ్లు పట్టు తప్పకుండా ఉండేందుకు ఆడుకున్న ఆట ఇది. ఇప్పుడు ఆడా మగా కలిసి, ఇరవై ఏళ్లవారూ నలభై దాటినవారూ ఒకే జట్టులో ఆడుతున్నారు.

పడగొట్టడం లేదు కాబట్టి దెబ్బలు కూడా ఉండవన్న ధీమాతోనే చాలామంది మైదానంలోకి దిగుతారు. నేను వైద్యుణ్ణి కాను. సిడ్నీ పడమటి శివార్లలో ఒక మిక్స్‌డ్ జట్టులో ఆరేళ్లుగా ప్రథమ చికిత్స సంచీ మోస్తున్న మనిషిని. ఈ ఆటలో మనిషిని కుంటించేది ఎక్కువగా ఎదుటి జట్టు కాదనీ, సిద్ధం కాని తన సొంత కాళ్లేననీ ఆ సంచీ మోస్తూ తెలుసుకున్నాను. అందుకే ఈ వివరాలను మీరు చేయవలసిన వరుసలోనే రాస్తున్నాను.

మొదటి పని: దెబ్బ ఎక్కడి నుంచి వస్తుందో గమనించండి

మైదానం పొడవు 70 మీటర్లు, వెడల్పు 50 మీటర్లు. ఇంత స్థలంలో ఒక్కో జట్టు నుంచి ఆరుగురే ఉంటారు. ప్రస్తుత నియమాల ప్రకారం ప్రతి టచ్ తర్వాత అడ్డుకునే జట్టు మొత్తం బంతి ఉన్న చోటు నుంచి 7 మీటర్లు వెనక్కి పోవాలి, బంతి కదలగానే మళ్లీ ముందుకు ఉరకాలి. వెనక్కి పరుగు, హఠాత్తుగా ఆగడం, మునివేళ్ల మీద ముందుకు దూకడం అనే ఈ మూడూ ఆటంతా పదే పదే జరుగుతాయి కనుక, భారమంతా పిక్క మీదా, పిక్కను మడమకు కలిపే స్నాయువు మీదా పడుతుంది. ముప్పై ఐదు దాటి, రోజంతా కుర్చీలో కూర్చుని వచ్చినవారికి మొదట పట్టేసేది ఇక్కడే.

బంతితో పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు తొడ వెనుక కండరం, అంటే హ్యామ్‌స్ట్రింగ్, తెగే ప్రమాదం ఉంటుంది. ఎదుటివారిని తప్పించడానికి ఒంటికాలి మీద పక్కకు విరిగినప్పుడు చీలమండ బెణుకుతుంది, లేదా మోకాలు మెలిపడుతుంది. చేయి చాచి తాకబోయినప్పుడు వేళ్లకూ, పాయింటు కోసం గీత మీద బంతి ఆనించడానికి నేలమీదికి దూకినప్పుడు భుజానికీ దెబ్బ తగులుతుంది. ఇద్దరు డిఫెండర్లు ఒకే మనిషి మీద కళ్లు పెట్టి రెండు వైపుల నుంచి వచ్చినప్పుడు తలలు ఢీకొంటాయి. ఈ చివరిది అరుదే, కాని దానికి మందు మాటల్లోనే ఉంది. "నాది" అని గట్టిగా అరవడం జట్టంతా అలవాటు చేసుకోవాలి.

రెండో పని: ఒంటి మీద ఉన్నవి సరిచూసుకోండి

మరలతో బిగించే స్టడ్‌లు (బూటు అడుగున నేలను పట్టే ముళ్లు) ఉన్న బూట్లను ఈ ఆటలో అనుమతించరు. అడుగు భాగంలో కలిసిపోయిన మెత్తని స్టడ్‌లు ఉండాలి, అవి 13 మిల్లీమీటర్లకు మించకూడదు. ఆఫీసుకో నడకకో వేసుకునే స్పోర్ట్స్ షూలతో రాత్రి మంచు పడిన గడ్డి మీద ఆడితే కాలు జారుతుంది. వేసవిలో ఎండి గట్టిపడిన నేల మీద పొడుగాటి స్టడ్‌లు వేసుకుంటే పాదం నేలకు అతుక్కుపోయి, తిరగవలసిన ఒళ్లు తిరుగుతుంది, మోకాలు మాత్రం తిరగదు. నేలను చూసి బూట్లు ఎంచుకోండి.

గోళ్లు కత్తిరించుకుని రండి. జేబుల్లేని నిక్కరు వేసుకోండి, ఎందుకంటే తాకబోయిన వేలు జేబులో ఇరుక్కుంటే విరిగేది ఆ వేలే. ఇక నగల సంగతి మనవాళ్లకు కాస్త ఇబ్బందికరమైనదే. జాతకం చూసి పెట్టుకున్న ఉంగరం, మంగళసూత్రం, నల్లపూసలు, గాజులు అన్నీ నియమం ప్రకారం తీసేయాలి. బూటు లోపల ఉంటాయి కదా అని మెట్టెలు ఉంచుకుంటే పక్క వేలిని కోస్తాయి. మా జట్టులో ఒకాయన పుష్యరాగం ఉంగరం తీయనని పట్టుబట్టి ఆడారు. వేలు వాచాక సబ్బు నీళ్లకూ రాలేదు, చివరికి దాన్ని కత్తిరించవలసి వచ్చింది. ఆటకు ముందు ఇంట్లో దేవుడి దగ్గర పెట్టి రావడమే ఆ ఉంగరానికి మర్యాద.

మూడో పని: పదిహేను నిమిషాలు ముందు రండి

ఈ వ్యాసంలో ఒక్క మాటే పాటించదలిస్తే దీన్నే పాటించండి. ట్రాఫిక్‌లోంచి దిగి, కారు పక్కనే బూట్లు మార్చుకుని, ఈల మోగుతుండగా లోపలికి పరుగెత్తేవారే మొదటి పది నిమిషాల్లో పిక్క పట్టుకుని కూర్చోవడం నేను ఎక్కువగా చూశాను. ఆలస్యమైతే మొదటి సగం గీత బయటే ఉండి ఒళ్లు వేడెక్కించుకోండి. ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకునే వీలున్న ఆట కనుక జట్టుకు నష్టం లేదు.

ముందు మూడు నాలుగు నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తండి, ఆ తర్వాత పక్కలకూ వెనక్కూ అడుగులు వేయండి. నిలబడి కండరాన్ని అరనిమిషం లాగి పట్టుకునే పాత పద్ధతికన్నా, కాళ్లు ముందుకూ వెనక్కూ ఊపడం, ఒక కాలు ముందుకు వేసి మోకాలు వంచి నడవడం, మునివేళ్ల మీద లేచి దిగడం వంటి కదలికలు ఆటకు ముందు మేలు. తర్వాత 20 మీటర్ల పరుగులు నాలుగైదు తీయండి. మొదటిది సగం వేగంతో మొదలుపెట్టి, చివరిది దాదాపు పూర్తి వేగంతో ముగించండి. ఆఖరున ఆటలో నిజంగా చేసేదే చేయండి: ఏడు మీటర్లు వెనక్కి, ఆగి, ముందుకు, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు.

వారానికి రెండుసార్లు ఇంట్లో చేయదగిన వ్యాయామాలు కూడా రెండున్నాయి. మోకాళ్ల మీద నిలబడి, చీలమండల్ని ఎవరైనా నొక్కి పట్టుకోగా, నడుము వంచకుండా ఒళ్లంతా వీలైనంత నెమ్మదిగా ముందుకు వాల్చడం మొదటిది. దీన్ని నార్డిక్ వ్యాయామం అంటారు. హ్యామ్‌స్ట్రింగ్ గాయాలను తగ్గించడంలో దీనికి గట్టి ఆధారాలున్నాయి. మొదటి వారం రెండు రోజులు మెట్లు దిగలేరు, అయినా మానకండి. రెండోది మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తి దించడం.

నాలుగో పని: దెబ్బ తగిలిన క్షణంలో లేపడానికి తొందరపడకండి

పడినవారిని చేయి పట్టి లేపడం మన సహజ గుణం, కాని ఇక్కడ అది తప్పు. ముందు ఆట ఆపించండి. పడ్డవారు తల తిరుగుతోందన్నా, మెడ నొప్పి అన్నా, చేతులు కాళ్లు తిమ్మిరెక్కాయన్నా కదిలించకుండా ఇక్కడి అత్యవసర నంబరు 000కు ఫోన్ చేయండి. స్పృహ తప్పినా, మూర్ఛ వచ్చినా, వాంతులు అవుతున్నా, తలనొప్పి అంతకంతకూ పెరుగుతున్నా అదే చేయండి. నలభై దాటిన ఆటగాడు ఎవరూ తగలకుండానే కుప్పకూలితే అది కాలి దెబ్బ కాకపోవచ్చు. ఊపిరి సరిగా లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి, క్లబ్ గదిలో ఉండే డీఫిబ్రిలేటర్ (గుండెకు కరెంటు షాక్ ఇచ్చే యంత్రం) కోసం ఒకరిని పంపండి. అది ఎక్కడ ఉందో సీజన్ మొదటి రోజునే తెలుసుకుని ఉండాలి.

ఇవేవీ లేకపోతే ఏ భాగానికి తగిలిందో చూసి నిర్ణయించండి.

చీలమండ బెణికితే ఎముక విరిగిందా లేదా అని తేల్చుకోవడానికి 1992లో కెనడాలోని ఒటావా వైద్యులు రూపొందించిన పరీక్షను ఇప్పటికీ ఆసుపత్రుల్లో వాడుతున్నారు. దాన్ని మీరు గీత పక్కనే చేయవచ్చు. కాలికి రెండు వైపులా పొడుచుకు వచ్చిన ఎముకల కొసలనూ, వాటి వెనుక అంచు వెంట పైకి ఆరు సెంటీమీటర్ల దాకా ఎముకనూ వేలితో నొక్కండి. పాదం బయటి అంచు మధ్యలో, చిటికెన వేలి వైపు ఉన్న ఎముక గుబ్బనూ, పాదం లోపలి వైపు వంపు పైనున్న ఎముకనూ నొక్కండి. వీటిలో ఎక్కడైనా ఎముక మీదే నొప్పి పుట్టినా, కుంటుతూ అయినా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. నొప్పి ఎముక మీద కాక దాని ముందున్న మెత్తని చోట ఉండి, నాలుగు అడుగులు వేయగలిగితే అది లిగమెంట్ (ఎముకలను ఒకదానితో ఒకటి కలిపే పట్టీ) బెణుకు కావడానికే అవకాశం ఎక్కువ. వాపును చూసి మాత్రం భయపడటమో ధైర్యపడటమో చేయకండి, ఎందుకంటే గుడ్డంత వాపులో ఎముక క్షేమంగా ఉండవచ్చు, వాపు లేని చోట విరిగి ఉండవచ్చు.

వెనుక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించి, తిరిగి చూస్తే ఎవరూ లేకపోతే, అది పిక్క గాని మడమ స్నాయువు గాని తెగిన గుర్తు. ఆ మనిషిని బోర్లా పడుకోబెట్టి, పాదాలు బల్ల అంచు దాటి వేలాడేలా ఉంచి, పిక్కను చేత్తో పిండండి. పాదం కిందికి కదిలితే స్నాయువు తెగకుండా ఉన్నట్టే. కదలకపోతే, నొప్పి పెద్దగా లేకపోయినా, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. దీన్ని "కండరం పట్టింది" అనుకుని వారాలు గడిపినవారికి చికిత్స కష్టమవుతుంది. ఇంకొక సంగతి: హైదరాబాదు నుంచి విమానంలో వచ్చిన కొన్ని రోజుల్లో, ఆటలో ప్రత్యేకంగా ఏమీ తగలకుండానే ఒక పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది రక్తం గడ్డ కావచ్చు. దాన్ని మర్దన చేయకుండా అదే రోజు వైద్యులకు చూపించండి.

మోకాలు మెలిపడినప్పుడు "టప్" మని శబ్దమో అనుభూతో కలిగి, రెండు గంటల్లోపే బాగా వాచిపోతే కీలు లోపల రక్తం చేరిందని అర్థం. మోకాటి లోపల ముందువైపు ఉండే క్రూసియేట్ లిగమెంట్ (ఏసీఎల్) తెగినప్పుడు ఇలాగే జరుగుతుంది. కొద్దిసేపటికి నొప్పి తగ్గి నడవగలిగినా మళ్లీ ఆటలోకి దిగవద్దు, ఎందుకంటే రెండో మెలికలో మోకాటి లోపలి మృదులాస్థి కూడా నలిగిపోతుంది. మోకాలు పూర్తిగా చాపలేకుండా ఇరుక్కుపోతే మర్నాడే వైద్యుల దగ్గర ఉండాలి.

వేళ్ల విషయంలో నా సొంత తెలివితక్కువతనం చెప్పాలి. తాకబోయిన నా కుడి ఉంగరపు వేలి కొస ఎదుటివారి చొక్కాలో ఇరుక్కుని వంగింది. నొప్పి అంతంత మాత్రమే, కాని కొస కణుపు కిందికి వాలిపోయి, ఎంత ప్రయత్నించినా తనంతట తాను పైకి లేవలేదు. పక్క వేలితో కలిపి టేపు చుట్టుకుని మూడు వారాలు ఆఫీసులో టైపు చేశాను. అది మ్యాలెట్ ఫింగర్ అనీ, వేలి కొసను ఎత్తే సన్నని స్నాయువు తెగిందనీ, మొదటి రోజు నుంచే నిటారుగా బద్ద కట్టి ఉంచాలనీ ఫిజియోథెరపిస్టు (ఫిజియో) చెప్పాక తెలిసింది. ఈ గాయానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు రాత్రీ పగలూ ఆ కొస వంగకూడదు, ఒక్కసారి వంగినా లెక్క మళ్లీ మొదటి నుంచే. స్నానానికి బద్ద తీసినప్పుడు నాది వంగింది, నా లెక్క మళ్లీ మొదలైంది. శుభ్రం చేసుకోవడానికి బద్ద తీయవలసి వస్తే వేలి కొసను బల్ల మీద చదునుగా ఆనించే ఉంచాలి. మూడు నెలలకు దగ్గరగా పప్పన్నం చెంచాతో తిన్నాను, ఆవకాయకు ఆ రుచి రాలేదు. కీలు తప్పి వంకరపోయిన వేలిని మాత్రం మైదానంలో ఎవరినీ లాగనివ్వకండి.

తలకు తగిలినవారు "బాగానే ఉన్నాను" అన్నా ఆ రోజు ఆట వారికి ముగిసినట్టే. ఒంటరిగా పంపకండి, కారు నడపనివ్వకండి, ఆ సాయంత్రం మందు తాగనివ్వకండి. ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) అయినవారు లక్షణాలేవీ లేకుండా కనీసం 14 రోజులు గడిచాకే ఢీకొనే అవకాశమున్న సాధనకు, దెబ్బ తగిలిన రోజు నుంచి కనీసం 21 రోజులు నిండాకే పోటీకి రావాలి. సరదా ఆటకు ఇంత కట్టుబాటు ఎందుకని కొందరు గొణుగుతారు. గొణగనివ్వండి.

ఐదో పని: మొదటి 48 గంటలు కాపడం పెట్టకండి

ఇంటికి ఫోన్ చేసి కాలు బెణికిందని చెప్పగానే అమ్మ "వేడి కాపడం పెట్టు నాన్నా, నూనె రాసి గట్టిగా తోమించుకో" అంటుంది. ఆమె ప్రేమను కాదనకండి, కాని రెండు రోజులు ఆ పని వాయిదా వేయండి. కొత్తగా తెగిన చోట వేడి, మర్దన, మద్యం, పరుగు ఈ నాలుగూ రక్తస్రావాన్నీ వాపునూ పెంచుతాయి. ఘాటైన బామ్‌లు నొప్పిని మరిపిస్తాయే గాని తెగినదాన్ని అతకవు. ఎక్స్‌రే తీయకుండా పుత్తూరు కట్టు తరహాలో బద్దలు పెట్టి బిగించుకోవడం కూడా వద్దు. వాపు పెరిగే కొద్దీ ఆ బిగువు రక్తప్రసరణను ఆపేస్తుంది.

గాయపడిన భాగాన్ని గుండెకన్నా ఎత్తులో దిండు మీద పెట్టండి. వేళ్ల వైపు నుంచి పైకి క్రేప్ బ్యాండేజీ చుట్టండి, వేళ్లు చల్లబడినా నీలంగా మారినా వెంటనే వదులు చేయండి. ఫ్రీజర్‌లోని బఠాణీల పొట్లాన్ని తడిగుడ్డలో చుట్టి, రెండు గంటలకొకసారి పదిహేను నిమిషాలు పెట్టవచ్చు, నేరుగా చర్మం మీద మాత్రం పెట్టకూడదు. ఐసు విషయంలో ఇప్పుడు వైద్యుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. 1978లో విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అనే సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ వైద్యుడు గేబ్ మిర్కిన్ తానే 2014లో, ఐసు మానే ప్రక్రియను ఆలస్యం చేయవచ్చని రాశారు. నొప్పి తగ్గడానికి మాత్రమే వాడుకోండి, అది మందు అనుకోకండి. మాత్ర కావాలంటే ముందు పారాసిటమాల్ చాలు. ఐబుప్రోఫెన్ రకాలను తొలి రెండు రోజులు ఫార్మసిస్టును అడగకుండా వేసుకోవద్దు, తలకు దెబ్బ తగిలితే అసలే వద్దు.

ఆరో పని: ఎక్కడికి వెళ్లాలో, ఎంత ఖర్చో ముందే తెలుసుకోండి

ఫిజియోథెరపిస్టును కలవడానికి ఇక్కడ జీపీ (మామూలు డాక్టరు) చీటీ అవసరం లేదు. ఎక్స్‌రేకు మాత్రం ఎవరైనా రాసివ్వాలి. ప్రాణాపాయం లేని విరుగుళ్లకూ బెణుకులకూ పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో గంటల తరబడి కూర్చోవడంకన్నా, దగ్గరలో మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) అర్జెంట్ కేర్ క్లినిక్ ఉంటే అక్కడికి వెళ్లడం మేలు. ఎటు వెళ్లాలో తోచకపోతే హెల్త్‌డైరెక్ట్ అనే ప్రభుత్వ ఫోన్ సేవలోని నర్సులు 1800 022 222లో ఏ వేళలోనైనా చెబుతారు.

కొత్తగా వచ్చినవారికి తెలియనిది అంబులెన్స్ ఖర్చు. దాన్ని మెడికేర్ భరించదు. క్వీన్స్‌లాండ్, టాస్మానియా నివాసులకు వారి రాష్ట్రాలు భరిస్తాయి, న్యూ సౌత్ వేల్స్‌లోనూ విక్టోరియాలోనూ మామూలుగా మీ బీమానో సభ్యత్వమో ఉండాలి. విద్యార్థి వీసా మీద ఉన్నవారు తమ బీమా పత్రంలో ఫిజియో, అంబులెన్స్ ఉన్నాయో లేదో సీజన్‌కు ముందే చదువుకోండి. అవసరమైనప్పుడు మాత్రం ఖర్చు లెక్కపెట్టుకుంటూ 000కు ఫోన్ ఆలస్యం చేయకండి.

ఏడో పని: నొప్పి పోయిన రోజును ఆటకు తిరిగి రావలసిన రోజు అనుకోకండి

ఒకసారి తెగిన హ్యామ్‌స్ట్రింగ్ మళ్లీ తెగేది చాలావరకు ఆటకు తిరిగి వచ్చిన తొలి వారాల్లోనే. నడకలో నొప్పి లేకపోవడం వేరు, పూర్తి వేగాన్ని తట్టుకోవడం వేరు. కనుక తేదీని చూసి కాక పరీక్షలు పెట్టుకుని తిరిగి రండి. పిక్కకైతే గాయపడిన ఒంటికాలి మీద మడమను ఇరవైసార్లు ఎత్తి దించగలగాలి, రెండో కాలితో సమానంగా గెంతగలగాలి. చీలమండకైతే కళ్లు మూసుకుని ఒంటికాలి మీద కొంతసేపు నిలబడగలగాలి. ఈ సాధనను రోజూ పళ్లు తోముకునేటప్పుడు కళ్లు తెరిచి మొదలుపెట్టవచ్చు. ఆటకు వచ్చాక కూడా తొలి సీజనంతా బ్రేస్ గాని టేపు గాని వేసుకుంటే మళ్లీ బెణికే అవకాశం తగ్గుతుంది. మోకాటి లిగమెంట్ తెగినవారి సంగతి వేరు. శస్త్రచికిత్స చేయించుకుంటే కనీసం తొమ్మిది నెలల తర్వాత, సర్జనూ ఫిజియో ఇద్దరూ సరేనన్నాకే రావాలి.

పరుగును కూడా మెట్ల వారీగా పెంచండి: నెమ్మదైన పరుగు, ముప్పావు వేగం, నేరుగా పూర్తి వేగం, ఆ తర్వాతే పక్కకు విరగడం, చివరికి ఏడు మీటర్లు వెనక్కి వెళ్లి ముందుకు ఉరకడం. ఒక్కో మెట్టు తర్వాత మర్నాటి పొద్దున్న ఎలా ఉందో చూడండి. నొప్పీ వాపూ పెరగకపోతేనే తర్వాతి మెట్టు ఎక్కండి.

తిరిగి వచ్చిన మొదటి రాత్రి మధ్య స్థానంలో ఆడకండి. ఎక్కువ వెనకడుగులూ ఎక్కువ టచ్‌లూ మధ్యవారికే పడతాయి. మార్పిడి ఆటగాళ్లు నిలబడే వైపు వింగ్‌లో (మైదానం అంచు స్థానంలో) ఆడతానని కెప్టెన్‌కు ముందే చెప్పండి. ఒక్కో సగంలో ఐదేసి నిమిషాలు ఆడి, కాలు బాగున్నట్టే అనిపిస్తున్నా బయటికి వచ్చేయండి. ఎవరైనా "ఇంకొక్క టచ్" అని పిలిస్తే వినపడనట్టు నీళ్ల సీసా అందుకోండి.